పైన ఆగిన తొట్టి

జెయింట్ వీల్ కదిలింది. కదులుతున్న తొట్టిలోకి ఒక మనిషి దూకాడు.

"ఏంటండీ ఇది! లోపల ఆడవాళ్లున్నారని కనపడలేదా?" సుభద్ర గట్టిగా అంది.

"కనపడ్డారమ్మా," అన్నాడతను రొప్పుతూ. తలుపు లాక్కుని, ఎదుటి బల్ల మీద కూలబడ్డాడు.

నలభై ఏళ్లుంటాయి. చొక్కా నిండా మామిడి సొన మరకలు.

సుభద్ర మనవరాలు యశస్వినిని దగ్గరికి లాక్కుంది. వాళ్లది మామిడి వ్యాపారం చేసే ఇల్లు. సొన మరకల చొక్కాలు వాకిలి దాకా వచ్చి వెళ్లేవే గాని, ఇలా మోకాళ్లు తగిలేలా ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు.

తొట్టి పైకి లేచింది. సరిగ్గా కొసకి చేరేసరికి మైకులో పాట ఆగింది. చక్రమూ ఆగింది.

"కరెంటు పోయింది! జనరేటర్ వేస్తున్నా, ఎవరూ లేవకండి!" కింద నుంచి చక్రం నడిపే రాఘవయ్య అరిచాడు.

ఐదు నిమిషాలైంది. పదైంది. జనరేటర్ దగ్గుతోందే గాని అందుకోవడం లేదు.

ఎక్కడానికి మెట్లు లేవు, దిగడానికి దారి లేదు. ఎగ్జిబిషన్‌కి బయల్దేరేటప్పుడే కోడలు మేఘన చెప్పింది, 'బొమ్మలు కొనిపెట్టండి అత్తయ్యా, ఆ చక్రాలవీ మాత్రం ఎక్కించకండి' అని. 'నీకన్నీ భయాలే' అని దబాయించి తీసుకొచ్చింది తనే.

ఎదుటివాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మొహం మీద చెమట ధారలు కడుతోంది. కుడిచెయ్యి మాత్రం పాప పక్కనుంచి చాపి తొట్టి తలుపు కడ్డీ పట్టుకున్నాడు.

"ఆ చెయ్యి తియ్యి."

"తియ్యలేనమ్మా."

"ఏం?"

"వదిలితే తల తిరిగిపోద్దండి."

మాట కూడా వణుకుతోంది. సుభద్రకి అర్థమైపోయింది. తాగి ఎక్కాడు.

"అంత తాగడమెందుకు, ఇది ఎక్కడమెందుకు?"

"ఎందుకెక్కానా అని నేనూ అదే అనుకుంటున్నానండి," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

యశస్విని ఏడుపు లంకించుకుంది. "నానమ్మా, దిగుదాం."

"పాపా, నీ పేరేంటి?" అన్నాడతను కళ్లు తెరవకుండానే.

"యశస్విని."

"యశస్వినీ, హైదరాబాదులో తలకిందులుగా తిప్పే రైలుంది, తెలుసా? ముందు భుజాల మీదికి కడ్డీ దిగుద్ది. టక్కుమని పడాలి. పడలేదా, ఎంత టికెట్టు కొన్నా సరే దిగిపోవాలి."

"దిగిపోతే నవ్వరా?"

"నవ్వనీ. నవ్వితే పళ్లు కనపడతాయి, అంతేగా."

పాప ఏడుపు సగంలో ఆగింది.

"విజయవాడ ఎగ్జిబిషన్లో ఊగే పడవుంది. అందరూ చివరి వరస కోసం కొట్టుకుంటారు. నన్నడిగితే మధ్య వరసే రాజా. చక్రం ఎంత జోరుగా తిప్పాడన్నది గొప్ప కాదు పాపా. ఎంత మెత్తగా ఆపాడన్నదే గొప్ప."

"మరి ఈ అంకుల్ ఆపేశాడుగా?"

"ఈయన ఆపలా, కరెంటోళ్లు ఆపారు."

పాప కిసుక్కున నవ్వింది. సుభద్రకి ఒళ్లు మండింది. తాగుబోతు కబుర్లకి నవ్వొకటి!

అప్పుడే విస్సన్నపేట వైపు ఆకాశం నల్లబడింది. కాయ దించే రోజుల్లో గాలంటే నూజివీడులో ఎవరికైనా గుండె దడే. తోటల మీద దుమ్ము లేచి ఇటే వస్తోంది.

"నానమ్మా, మన తోట కనపడుతుందేమో!" యశస్విని గబుక్కున లేచి తలుపు మీదికి వంగింది.

"కూర్చో!"

అతను అరిచిన అరుపుకి పక్క తొట్టిలోవాళ్లు కూడా తిరిగి చూశారు. పాప దభీమని బల్ల మీద పడి వెక్కిళ్లు పెట్టింది.

"నా మనవరాలి మీద అరవడానికి నువ్వెవడివి?" సుభద్ర నిప్పులు కక్కింది. "కిందకి దిగనీ, నీ సంగతి చెప్తా."

"చెప్పండమ్మా. దిగాక చెప్పండి. ఇప్పుడు మాత్రం పాపని గట్టిగా పట్టుకోండి."

గాలి కొట్టింది. తొట్టి ఉయ్యాలలా ఊగింది. సుభద్ర పాపని ఒళ్లోకి అదుముకుని తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది. అతను రెండో చెయ్యి కూడా కడ్డీకి వేసి, తల మోకాళ్ల మీద ఆనించుకున్నాడు.

మొత్తం మీద నలభై నిమిషాలకి జనరేటర్ అందుకుంది. చక్రం మెల్లగా దిగింది.

నేల తగలగానే సుభద్ర గొంతు లేచింది. "రాఘవయ్యా, బుద్ధుందా నీకు? తాగుబోతుల్ని ఆడపిల్లల పక్కన కూర్చోబెడతావా?"

"రాఘవయ్యగారూ, ఆ..." అంటూ దిగిన మనిషికి మాట పూర్తి కాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తాడు. వంగి కక్కుకున్నాడు.

"చూశారా, చూశారా!" సుభద్ర చుట్టూ ఉన్నవాళ్లకి చూపించింది.

అందరూ చీదరించుకున్నారు. అతను మూతి తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా గాలిదుమ్ములోకి నడిచిపోయాడు.

రాఘవయ్య ఖాళీ తొట్టి తలుపు వేశాడు. అది తెరుచుకుంది. మళ్లీ వేశాడు. మళ్లీ తెరుచుకుంది.

అతని మొహంలో రక్తం లేదు. "అమ్మా, గొళ్లెం విరిగిపోయింది. పైన ఇది తెరుచుకోలేదా?"

"ఎలా తెరుచుకుంటుంది, అతను పట్టుకుని..."

సుభద్ర పాప వంగిన తలుపు వైపు చూసింది. కంచె వైపు చూసింది. దుమ్ములో జనం పరుగెత్తుతున్నారు. అతను లేడు.

"ఎవరతను?" అంది.

"ఇమ్మానుయేలండీ. చాట్రాయి మనిషి. ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా వచ్చేస్తాడు. మేకు వదులైంది, నట్టు బిగించు అని నా ప్రాణం తీస్తాడు."

"ఇవన్నీ ఎక్కి ఎక్కి అలవాటైనవాడా?"

"ఎక్కడమా?" రాఘవయ్య తల అడ్డంగా ఊపాడు. "నిచ్చెన రెండో మెట్టు మీదే కళ్లు తిరుగుతాయని తోటల్లో కోతకి కూడా పిలవరమ్మా, కింద కాయలు ఏరిస్తారు. పదేళ్లుగా కంచె బయట నిలబడి చూడటమే గాని, చక్రం ఎక్కడం ఇవాళే మొదలు."