కన్ను కుట్టిన టైలరమ్మ

వీధిలో సగం మందికి బట్టలు కుట్టిన టైలరమ్మకి ప్రసూతి వార్డులో కన్ను కుట్టింది.

కారణం పక్క మంచం. మధ్యలో పచ్చ తెర. దాని వెనకున్నావిణ్ణి టైలరమ్మ చూడలేదు, వినడమే. అటునుంచి పసిబిడ్డ ఏడుపన్నది లేదు. ఉండుండి ఒకటే లయలో చుప్, చుప్, చుప్ అని చప్పుడు.

"విన్నావా అమ్మా, వాడెలా లాగుతున్నాడో! అచ్చం నా మిషనే. ఒక్క కుట్టు తప్పట్లేదు."

"ఆ చెవులేవో ఇటు పెట్టవే. నా మనవడు ఏడుస్తున్నాడు" అంది తల్లి.

ఏడవక ఏం చేస్తాడు? రొమ్ము పడతాడు, జారిపోతాడు. మళ్ళీ పట్టి చిగుళ్ళతో నమిలి తల్లి ప్రాణాలు తోడేస్తాడు. తోడలేనివి పాలొక్కటే. ఊరివాళ్ళ బట్టలు వదులు చేసిన మనిషి, కన్నబిడ్డ ఒంటిమీద చర్మం వదులవుతుంటే చూస్తూ కూర్చుంది.

నర్సు నీలం మూత సీసాలో పాలు తెచ్చి వాడికి చెంచాతో పట్టేది. ఆసుపత్రి తల్లిపాల బ్యాంకువట. మనం వెయ్యకుండానే ఇచ్చే బ్యాంకు కూడా ఉందన్నమాట అనుకుంది టైలరమ్మ. వేసిందెవరో అడగలేదు. ఆవిడ బాధ వేరు. నర్సు ఎప్పుడొచ్చినా ముందు తెర వెనక్కే వెళ్తుంది. అక్కడ గుసగుసలన్నీ అయ్యాకే ఇటు.

ఓసారి ఉండబట్టలేక, తెర అవతలికి వినబడేలా అనేసింది. "కడుపు నిండినవాడి దగ్గరికే ముందు వెళ్తారేం సిస్టర్? ఆకలేసినవాడు ఇక్కడున్నాడు."

నర్సు ఓసారి తెరవైపు చూసి చెంచా అందుకుంది. అవతల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

చివరికి డాక్టరమ్మ వచ్చి పిల్లాడి నాలుక ఎత్తి చూసింది. అడుగున సన్నటి పొర నాలుకను కొసదాకా కట్టేసి ఉంది. నాలుక ముందుకు రానిదే పట్టు దొరకదని, ఆ పొరను కాస్త కత్తిరిస్తే చాలని, కుట్లు కూడా అక్కర్లేదని చెప్పింది.

పొద్దస్తమానం కత్తెర పట్టే చెయ్యి, కత్తెర మాట వినగానే పిల్లాణ్ణి గుండెకి అదుముకుంది. టైలరమ్మ వద్దనబోయింది. సరిగ్గా అప్పుడే అవతల చుప్, చుప్.

"కత్తిరించండి" అంది పళ్ళు బిగించి.

రెప్పపాటులో అయిపోయింది. చిన్న రక్తపు చుక్క, పెద్ద కేక. తెచ్చి ఒళ్ళో పెట్టగానే నోరు వెడల్పుగా తెరిచి పట్టాడు. జారలేదు. గుటక వినబడింది. ఇంకోటి. అమ్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

టైలరమ్మ సంతోషంలో పొంగింది ఒక పాలు ప్రేమ, మూడు పాళ్ళు పౌరుషం. ఇన్నాళ్ళూ విన్నది చాలు, ఇక చూపించాలి. తాగుతున్నవాణ్ణి విడిపించకుండానే మెల్లగా లేచింది.

"ఏం వదినా, మీవాడొక్కడేనా? మావాడూ నేర్చాడు, చూడండి" అంటూ తెర లాగింది.

ఊయల లేని మంచం మీద, ఖాళీ ఒడిలో నీలం మూత పెట్టుకుని, పక్క మంచం ఆవిడ చిన్న చేతిపంపుతో చుప్, చుప్ అని సీసాలోకి పాలు పిండుతోంది.