లండన్ కాగితం

“సూసినవా సత్తెమ్మా, ఎట్లున్నయ్ లండన్ షేర్లు?” నర్సింగరావు ఇంటికి పేరంటానికి వెళ్లొచ్చిన భార్యను విశ్వేశ్వర్ వాకిట్లోనే ఆపాడు.

మిర్యాలగూడలో ఇద్దరివీ ఎదురెదురు రైసుమిల్లులు. నర్సింగరావు లండన్ మార్కెట్లో ఏదో తేయాకు కంపెనీ షేర్లు పది కొన్నాడని తెలిసినప్పటి నుంచి ఇతనికి అన్నం సహించడం లేదు.

“సూసిన. అద్దం కట్టించి గోడకు పెట్టిండ్రు.”

“పెట్టనీ! సర్కారు పర్మిషన్ ఇయ్యంగనే నేను ఇరవై కొంట. గిదుగో, బొంబాయి బ్రోకరుకు ఉత్తరం గూడ రాసిన.”

“ఎవరి పేరు మీద?”

“గదేం మాట? నా పేరు మీదనే.”

సత్యమ్మ తాంబూలం గూట్లో పెట్టింది. “ఆయన ఆండాళు పేరు మీద కొన్నడు. లండనోళ్ల కాగితం మీద పెండ్లాం పేరున్నది. సూస్తుంటె నాకు కుళ్లు పుట్టింది. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందె మీద గూడ మీరు మీ పేరే కొట్టిస్తిరి.”

విశ్వేశ్వర్ చేతిలోని ఉత్తరం విప్పి, తన పేరు రాసిన చోటు చూశాడు. పది షేర్లకు పోటీగా ఇరవై కొనొచ్చు. కానీ ఇప్పుడు సత్యమ్మ పేరు రాసినా, నర్సింగరావును చూసి రాసినట్టే అవుతుంది.