సన్యాసమ్మకు రెండు ముగింపులు

నా నవలలోని సన్యాసమ్మ, భర్త పోయాక అతని ఉద్యోగంలో చేరి రాత్రిళ్ళు రైలు పట్టాలు తనిఖీ చేసే మనిషి. ఆమె చివర్లో రైలు కింద పడి చనిపోవలసిందేనని నా ప్రచురణకర్త గణపతిరావుగారు తీర్పిచ్చారు. బతికి తీరాలని నా మేనకోడలు ఆశ్రిత పట్టుబట్టింది. చివరి అధ్యాయం తప్ప ఇద్దరూ మరేదీ శ్రద్ధగా చదవలేదు.

కోపంతో ఆ రాత్రే రెండు ముగింపులూ రాశాను. ఇక ఒకదాన్ని చించివేయాలి.

మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ సందులో కుక్కలు హఠాత్తుగా ఊరుకున్నాయి. నా గుమ్మం బయట ఎవరో చెప్పులు విడిచారు. ఆ వెనకే ఏదో బరువుగా గచ్చు మీద ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది.

"అమ్మా, నాను సన్యాసమ్మని. రేపు రేతిరికి డూటీ ఉంది. ఏటి తేల్చినావు?"

"దానికేటమ్మా, నడుసుకుంటూ వచ్చేసినాది," అంది అచ్చం అలాంటిదే ఇంకో గొంతు, నేల మీది నుంచి. "నాను పాక్కుంటూ రాలేదేటి?"

చనిపోయే ముగింపులో రైలు కింద పడిందన్నానే గానీ, అది ఆమె కాళ్ళ మీదుగా పోయిందని నేను ఎక్కడా రాయలేదు.

తెలియకుండానే లేచి నిలబడి చేతులు జోడించాను. చించడానికి తీసిన కాగితం వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"తొందరేటీ నేదు," అన్నాయి రెండు గొంతులూ ఒక్కసారే. "రెండూ సదువుకో. మేం ఇక్కడే కూకుంటాం."