గొట్టం పరీక్ష

"పన్నెండేళ్లు! పన్నెండేళ్లుగా గుండెల్లో మంట అంటూ గోడకానుకుని నిద్రపోయారు. చాక్లెట్లు చప్పరించినట్టు మాత్రలు చప్పరించారు. ఇప్పుడు చూడండి!"

ఆస్పత్రి నుంచి తెచ్చిన కవరును ఆమె మంచమ్మీదికి విసిరింది. మిల్లు షిఫ్టుకు తయారవుతున్న భర్త చేతులు చొక్కా గుండీల దగ్గరే ఆగిపోయాయి. అన్నను పిలుచుకెళ్దామని వచ్చిన మరిది గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏం రాశారు వదినా?"

"పుల్లటి నీళ్లు ఏళ్ల తరబడి పైకి తన్ని, ఆహారనాళం అడుగున పొర మారిపోయిందట. కోసి తీసిన ముక్కలో కణాలు కూడా మారుతున్నాయట. ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే కావచ్చు, వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టరు. ఎన్నాళ్ల నుంచి చెబుతున్నాడాయన, గొట్టం వేసి చూడాలని! మాత్ర వేస్తే మంట తగ్గుతోందిగా అని మీసం తిప్పారు ఈయన!"

భర్త మళ్లీ గుండీలు పెట్టుకోసాగాడు. ఆమె అగ్గిమీద గుగ్గిలమైంది.

"మీ తమ్ముడూ ఉన్నాడు. రాళ్లు తిన్నా అరిగించుకుంటాడు. మీకే ఎందుకు పెట్టాడో దేవుడు ఈ రోగం! రోజూ దణ్ణం పెడుతున్నా, నా మాట ఆయన వింటున్నాడో లేదో తెలియదు. మీరు మాత్రం వినరు. తిట్టి, ఒట్టు వేయించుకుని, ఇతన్ని తోడిచ్చి పంపితే గానీ పరీక్షకు కదల్లేదు!"

"ఇక చాలించవే." భర్త కవరు వైపు చూడకుండా చెప్పులు వెతుక్కోసాగాడు.

"చాలించను! రేపు పొద్దున్నే ఆస్పత్రికి. రానంటే మిల్లు గేటు దగ్గరే మీ పరువు తీస్తా. నువ్వైనా చెప్పవయ్యా మీ అన్నకి!"

మరిది లోపలికి వచ్చి కాగితం తీశాడు. చివరిదాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. మెల్లగా మంచం అంచున కూలబడ్డాడు.

"రేపు నేనే వస్తా వదినా."

"నువ్వెందుకు? మళ్లీ వెనకేసుకొస్తున్నావా?"

అతను అన్న వైపు చూశాడు. అన్న తల వంచుకున్నాడు.

"మిల్లులో ఒకరి షిఫ్టు ఒకరు చేసినట్టే అనుకున్నాం వదినా. అన్నయ్య భయపడి గది తలుపు దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు. ఆయన పేరు మీద లోపలికెళ్లి గొట్టం మింగింది నేను."