నిండిన మెమరీ

ఉదయం షిఫ్టు మొదలై కాసేపైంది. సర్వర్ గదిలో ఫోన్ మోగింది. సతీశ్ మొదటి రింగుకే ఎత్తాడు.

"అన్నా, మల్ల గదే కథ. బిల్లు కొడితే తెర మీద చక్రం తిరుగుతనే ఉన్నది. లారీల లైను గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది."

కాంటా దగ్గర కూర్చునే భాగ్యశ్రీ. మేళ్లచెరువు దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో ఏ లారీ అయినా ఆమె కాంటా ఎక్కి, తూకమై, బిల్లు వచ్చాకే బయటికి పోవాలి. ఆ బిల్లులన్నీ సతీశ్ గదిలోని సర్వర్ నుంచే రావాలి.

"లైన్ల ఉండు చెల్లె, చూస్తున్న."

"ఉంటగని, పొద్దుగాల ఏం తిన్నవన్నా?"

"ఉప్మా. మెస్సుది."

"గా ఉప్మా నువ్వు గాబట్టి తింటున్నవ్."

సతీశ్ నవ్వాడు. ఏవో రెండు కమాండ్లు కొట్టాడు. ఈలోపు భాగ్యశ్రీ తన కొడుకు బడికి పోనని మంచం కోడు పట్టుకుని ఏడ్చిన సంగతి చెప్పింది. చెప్పడం అయ్యేసరికి బిల్లులు మెల్లగా కదిలాయి. "వచ్చిందన్నా, పెడుతున్న" అని పెట్టేసింది.

ఇక రోజంతా ఆ గదిలో ఏసీ చప్పుడే. ఒకప్పుడు కంప్యూటర్ సెక్షన్ అంటే టీ తెచ్చే మల్లప్పతో సహా గది నిండా మనుషులు. హైదరాబాద్ హెడ్డాఫీసు ఒక్కో పనినీ అక్కడికి లాక్కుంది. పనితో పాటు మనుషులూ పోయారు. ఇంటర్నెట్ పోయినా కాంటా ఆగకూడదని సర్వర్‌ను మాత్రం ఉంచారు. సర్వర్ కోసం సతీశ్‌ను ఉంచారు.

పెళ్లి కాలేదు. సొంతూరు మోత్కూర్‌లో అమ్మ పోయాక, తిన్నావా అని ఫోన్ చేసేవాళ్లూ లేరు. ఒంటరితనం అతనికి అలవాటైపోయిందని ఫ్యాక్టరీలో అందరూ అనుకున్నారు. కాలేదు.

కాంటా కష్టాలు హెడ్డాఫీసు పెద్దసారు దాకా పోయాయి. ఆయన గ్రాఫ్ చూశాడు. సర్వర్ మెమరీ మధ్యాహ్నానికల్లా నిండిపోతోంది. ఫొటోలతో నిండిపోయి తన ఫోన్ మొండికేసిన అనుభవం ఆయనకుంది. ఇదీ అంతే అని తేల్చేశాడు. కొత్త మెమరీ చిప్పులిచ్చి ప్రేమ్‌సాగర్‌ను పంపాడు. దీనితోనూ కుదరకపోతే సర్వర్‌ను హైదరాబాద్ తెచ్చేసి గదికి తాళం వేయడమే అని చెప్పి మరీ పంపాడు.

ప్రేమ్‌సాగర్ పాలమూరు కుర్రాడు, డేటాబేస్ పనిలో చెయ్యి తిరిగినవాడు. అతను వచ్చేసరికి సతీశ్ రెండో కుర్చీ దుమ్ము తుడిచి ఉంచాడు. ఆ కుర్చీలో మనిషి కూర్చుని చాలాకాలమైంది.

ప్రేమ్‌సాగర్ తెర మీద అంకెలు చూసి పెదవి విరిచాడు.

"మెమరీ నిండింది నిజమే అన్నా. తప్పు మాత్రం అది కాదు. కొంత డేటాబేస్ పట్టుకుంటది. మిగిలిన దాంట్ల, సర్వర్‌ను నడిపే లైనక్స్ ఒకసారి చదివిన ఫైళ్లను దాచిపెట్టుకుంటది. దుకాణంల ఎక్కువ పోయే సామాను చేతికందేటట్టు పెట్టుకుంటరు చూడు, గట్ల. ఎవరన్న జాగ అడిగితే ఖాళీ చేసి ఇస్తది."

"అంటే నిండుగ ఉంటేనే మంచిదా సార్?"

"మస్తు మంచిది. ఖాళీగ ఉన్నప్పుడే దీనికి కష్టం. ప్రతిదానికి డిస్కు దాకా పోయి తెచ్చుకోవాలె. పొద్దుగాల స్లో అయ్యేది గందుకే. అంతకు ముందే ఎప్పుడో అంత ఖాళీ అయితాంది."

పాత రికార్డులు తిరగేశాడు. చాలా ఉదయాలు షిఫ్టుకు కాస్త ముందు సర్వర్ ఉన్నపళంగా ఆరిపోయి, మళ్లీ లేచింది.

"ఈడ కరెంటు సక్కగుండదా?"

"మిల్లు మోటర్లు స్టార్టయ్యేటప్పుడు జర కరెంటు గుంజుతది సార్."

ప్రేమ్‌సాగర్ టేబుల్ కిందికి వంగి చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముసలి యూపీఎస్ కనిపించింది. బూటు కొనతో దాన్ని తట్టి, "దొరికిండు దొంగ. కరెంటు గుంజినప్పుడు ఇది ఆపుతలేదు, సర్వర్ ఆరి మెమరీ అంత ఖాళీ అయితాంది" అన్నాడు.

స్టోర్ నుంచి కొత్త యూపీఎస్ తెప్పించి బిగించాడు. మెమరీ చిప్పులు సంచిలోంచి తియ్యనే లేదు. ఇద్దరూ ఒకే క్యారియర్ పంచుకుని తిన్నారు. సతీశ్ ఆగకుండా మాట్లాడాడు, ప్రేమ్‌సాగర్‌కు ఊకొట్టడమే పనైంది. టీ తాగాక, ఇంకో టీ తాగిపొమ్మని బతిమాలాడు.

వెళ్లేముందు ప్రేమ్‌సాగర్ గుమ్మంలో ఆగాడు.

"గిట్ల ఠక్కున కరెంటు పోవుడు మంచిది కాదన్నా. ఎన్నడో ఒకనాడు డేటానే ఖరాబైతది. నేనైతే రిపేరైందని రాస్తున్న. ఇంకొక్కసారి పడ్డదో, పెద్దసారు సర్వర్‌ను లేపుకపోతడు. నీ కొలువు గుడ పోతది."

"ఫికర్ చెయ్యకున్రి సార్."

మర్నాడు సర్వర్ దీపాలు పచ్చగా వెలుగుతున్నాయి. మెమరీ నిండుగా ఉంది. ఫోన్ మోగలేదు. పని చేస్తోందా లేదా అని సతీశ్ రిసీవర్ ఎత్తి చూశాడు. చేస్తోంది. ఉండబట్టలేక తనే కాంటాకు చేశాడు.

"ఎట్ల నడుస్తున్నది చెల్లె?"

"మస్తు జోరుగున్నదన్నా. లారీ ఎక్కుడు, బిల్లు వచ్చుడు. ఇగ రోజు నిన్ను సతాయించే పని లేదు. ఉంట మరి, లారీ వచ్చింది."

తిన్నవా అని అడగలేదు. అడిగే తీరిక ఆమెకు దొరకలేదు. సతీశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ మరుసటి రోజు షిఫ్టుకు ముందే వచ్చాడు. మెస్సు క్యారియర్ మూత తియ్యకుండా టేబుల్ మీద పెట్టాడు. తెర మీద నిండిన మెమరీని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. గుమ్మంలో ప్రేమ్‌సాగర్ అన్న ప్రతి మాటా గుర్తొచ్చింది.

తర్వాత ఎప్పటిలాగే టేబుల్ కిందికి వంగి, సర్వర్ ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, ఫోన్ పక్కకు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.