హెడ్‌ఫోన్ కొలత

“ఇది ఎవరి తల కొలతో చెప్పండి. లేకపోతే ఇప్పుడే పుట్టింటికి పోతాను” అంది భార్య, హెడ్‌ఫోన్‌ను భర్త ముఖం ముందు ఊపుతూ.

అతను పెళ్ళిళ్ళకు డీజే పెడతాడు. అతని గుమ్మడికాయంత తలకు ఆ హెడ్‌ఫోన్ పట్టాలంటే పట్టీని రెండు పక్కలా చివరికంటా లాగాలి. ఇప్పుడా పట్టీ పూర్తిగా లోపలికి నొక్కి ఉంది.

“నిన్న పెళ్ళిలో ఏ మహాతల్లి పెట్టుకుంది?”

“ఒట్టు! ఎవరికీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి మేకుకు తగిలించాను, అంతే.”

“మేకుకు వేలాడుతున్నది రాత్రికి రాత్రే చిక్కిపోయిందా? నిప్పు లేనిదే పొగ వస్తుందా?”

“నీకు తాడు కనబడినా పామే!”

ఇద్దరి గొంతులూ పెరిగాయి. లోపల ప్రార్థనలో ఉన్న అత్తగారు లేచి వచ్చింది. కోడలి చేతిలోంచి హెడ్‌ఫోన్ తీసుకుని తన తలకు పెట్టుకుంది. అచ్చం కొలిచి చేయించినట్టు సరిపోయింది.

కోడలు నోరు తెరిచింది. “మీరా అత్తయ్యా? ఈయన పాటలు మీరు వింటున్నారా?”

“పాటలెక్కడివే? మీరిద్దరూ మొదలెట్టినప్పుడల్లా ఇది చెవులకు పెట్టుకుంటున్నాను. లేకపోతే దేవుడికి నేనేం చెప్పుకుంటున్నానో నాకే వినబడటం లేదు.”

కోడలు కిందికి చూసింది. వైరు కొస దేనికీ తగిలించకుండా నేల మీద పడి ఉంది. భర్త తల్లి వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు.

అత్తగారు ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ కాస్త జరిపింది.

“అయిపోయిందా అమ్మా? ఇంకా ఉందా?”