బుధవారం రాత్రి పాస్‌వర్డ్

"పెద్దమ్మా, నువ్వు పచ్చళ్ళు అమ్మే ఆన్‌లైన్ పేజీలో మిరపకాయ పచ్చడి పోయి పొట్ట తగ్గించే టీ వచ్చింది. నువ్వే పెట్టావా?" ఫోన్ చూస్తూనే గుమ్మం ఎక్కింది నొయ్‌నా.

"నా పొట్ట చూసి ఎవరైనా కొంటారటే ఆ టీ?" అని నవ్వబోయింది లమ్యాయ్. అంతలోనే కంప్యూటర్ వైపు చెయ్యి చూపించింది. "పొద్దున్నుంచీ నన్ను లోపలికే రానివ్వడం లేదు. కొత్త సంవత్సరం సోంక్రాన్ పండక్కి రెండొందల సీసాల ఆర్డర్లు అందులోనే ఉన్నాయి. ఆ పేజీ పోతే ఏడాది కష్టం నీళ్ళపాలే."

నొయ్‌నా రాచబురి బజారులో కంప్యూటర్ల రిపేరు షాపు నడుపుతుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. మానిటర్ నెత్తిన మల్లెదండ ఉంది. దాని కింద పసుపు కాగితం. ఆ కాగితం మీద వీధి చివరి నుంచి కూడా చదవగలిగేంత లావు అక్షరాలతో పాస్‌వర్డ్ రాసి ఉంది.

"ఇదేంటి?"

"జాతకాలు చెప్పే సువిత్ గురువుగారు రాసిచ్చారు. రాహువు ఏలే బుధవారం రాత్రి పుట్టిన నాలాంటివాళ్ళకి అచ్చొచ్చే అంకెలు. అలాంటివి సొరుగులో పడేస్తామా? నెత్తిన పెట్టుకోవాలి గాని."

"పెట్టుకో. ఫొటో తీసి పేజీలో ఎందుకు పెట్టావు?"

"ఆ రోజు కొత్త దండ వేశానే. బాగుందని నాలుగొందల మంది అన్నారు."

"అందులో ఒకడు దండ చూడలేదు."

లమ్యాయ్ ఫోన్‌కి వచ్చే అంకెలన్నీ కొడుతూ నొయ్‌నా రెండు గంటలు కుస్తీ పట్టింది. మొత్తానికి పేజీ చేతికొచ్చింది. టీ పోయింది, సీసాలు తిరిగొచ్చాయి. లమ్యాయ్ కళ్ళు తుడుచుకుంది.

"ఇంక కొత్త పాస్‌వర్డ్ పెట్టుకో. నీకు తప్ప పురుక్కి కూడా తెలియకూడదు."

"నా బుర్రలోంచి ఊడిపడేదానికి బలం ఏముంటుందే? గురువుగారిస్తేనే పెడతాను. లేదంటే పాతదే ఉంచుతాను."

నొయ్‌నాకి ఒళ్ళు మండింది. అయినా రెండొందల సీసాల మొహం చూసి ఒప్పుకుంది. ఒకటే షరతు పెట్టింది. కాగితం మీద రాయకూడదు, పైకి చదవకూడదు, పెద్దమ్మ చెవిలో మాత్రమే చెప్పాలి.

ఇద్దరూ గురువుగారి దగ్గరకి వెళ్ళారు. ఆయన ఆ షరతు విని తల ఊపారు. రాహువు బొమ్మ ముందు నైవేద్యంగా పెట్టిన నల్ల కాఫీ గ్లాసులు పక్కకి జరిపి కళ్ళు మూసుకున్నారు, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. తర్వాత లమ్యాయ్ చెవి దాకా వంగి గుసగుసలాడారు. పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్న నొయ్‌నాకి ఒక్క ముక్క వినపడలేదు. లమ్యాయ్ అక్కడే ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చేసింది. పేజీ తెరుచుకుంది.

"ఇంక బెంగ లేదే," అంది మొహం వెలిగిపోతూ.

నొయ్‌నాకి జీవితంలో మొదటిసారి ఒక జ్యోతిష్కుడి మీద గౌరవం కలిగింది. వంగి దణ్ణం పెట్టింది. "మీకున్న జాగ్రత్త మా షాపుకొచ్చేవాళ్ళలో సగం మందికున్నా బాగుండేది గురువుగారూ."

"జనం నా దగ్గరకి వచ్చేదే నమ్మకం మీద తల్లీ," అంటూ ఆయన బొమ్మ వెనక నిలబెట్టిన ఫోన్ తీసి మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. "లైవ్ చూస్తున్న బుధవారం రాత్రి వాళ్ళు వినపడలేదంటున్నారు, మళ్ళీ గట్టిగా చెబుతున్నాను, రాసుకోండి."